అవ్వ ఏడ్చే సీన్: కన్నప్ప సినిమాల వెనక మన చరిత్ర

పెద్ద పోస్టు ఇది. తీరిక చూసుకుని చదవండి, సగంలో వదిలేయొద్దు.

శివరాత్రి జాగారం రోజు మా హాస్టల్ రూములో ఒక వాదన నడిచింది. రూములో నలుగురం. ఇద్దరం యానాదులం, ఒకడు ఎరుకల, ఒకడు సుగాలి. మన ఇళ్ళల్లో పెద్దోళ్ళు ఎన్నిసార్లు వచ్చినా మళ్ళీ కూర్చుని చూసే సినిమా ఏది అని మొదలైంది. సుగాలి తమ్ముడు వాళ్ళ నాయనకి కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు' అన్నాడు. 1974లో వచ్చిన సినిమా, ఆయన పుట్టక ముందుది. అయినా టీవీలో వస్తే అన్నం పళ్ళెం పట్టుకుని అక్కడే కూలబడతాడంట. ఇంకొకడు 'మాయాబజార్' అన్నాడు. దానికి ఎవరం ఎదురు చెప్పలేదు. 1957 నుంచి ఈ రోజు దాకా ఆ సినిమా చూడని తెలుగు ఇల్లు ఉంటుందా?

తడ వైపు వాళ్ళం మాత్రం 'కన్నప్ప' అన్నాం. మాకు అది ఊరి సినిమా. శ్రీకాళహస్తి మాకు పక్కనే గదా. శివరాత్రి వస్తే మనవాళ్ళు వరదయ్యపాళెం మీదుగా బస్సుల్లో, ఆటోల్లో, నడిచి కూడా పోతారు. అక్కడ బ్రహ్మోత్సవాల్లో మొదటి జెండా ఎక్కేది శివుడికి కాదు, కన్నప్పకి. కొండ మీద కన్నప్ప గుడి దగ్గర ధ్వజారోహణం అయ్యాకే కింద స్వామి గుడిలో ఎక్కుతుంది. ఒక వేటగాడికి మొదటి మర్యాద దొరికే చోటు మన జిల్లాలోనే ఉండాది. చిన్నప్పుడు అది వింటే మాకు ఛాతీ ఉబ్బేది.

ఆ రాత్రి వాదనలో మాకు ఒక సంగతి గుర్తొచ్చింది. మా అవ్వ కన్నప్ప సినిమా చూస్తూ ఏడుస్తుంది. అందరూ ఏడ్చే చోట, కన్ను పెరికి ఇచ్చే చోట కాదు, దానికి చాలా ముందే. ఎందుకో మేం ఎన్నడూ అడగలేదు. ఈసారి సెలవులకి ఇంటికి పోయినప్పుడు అడిగినాం. ఆ వెతుకులాటే ఈ పోస్టు.

అవ్వకి డెబ్బై దాటినాయి. పుట్టింది శ్రీహరికోట దీవిలో. ఇప్పుడు ఆ పేరు వింటే అందరికీ రాకెట్లే గుర్తొస్తాయి. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేసినారు, 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ లేచింది. అంతకు ముందు అది మన యానాదుల అడవి. తేనె, గడ్డలు, మందు మూలికలు, పులికాట్‌లో చేపలు. అవ్వ వాళ్ళు దీవి నుంచి బయటికి వచ్చి ఒడ్డున స్థిరపడ్డవాళ్ళు. ఆమె చిన్నప్పుడు పడవలో పులికాట్ దాటి సూళ్ళూరుపేట చెంగాళమ్మ తిరునాళ్ళకు వచ్చేవాళ్ళంట. తిరునాళ్ళు అంటే అమ్మోరు ఎంతో డేరా సినిమా అంత. గుడ్డ డేరా, ముందు ఇసకలో నేల టికెట్, వెనక బెంచీలు. రీలు మార్చేటప్పుడు లైట్లు వేస్తే సోడాలు, బెల్లం మిఠాయి అమ్మేవాళ్ళు వచ్చేవాళ్ళు. మనవాళ్ళు ఎప్పుడూ నేల టికెట్టే. బెంచీకి డబ్బులున్నా కూర్చోనిచ్చేవాళ్ళు కాదేమో అని మేం అడిగితే అవ్వ నవ్వింది. "బెంచీ ఎందుకు అబ్బయా, నేల మీదైతే పడుకుని చూడొచ్చు" అనింది.

కొత్త సినిమాలు ఆ డేరాలకు వచ్చేవి కావు. పట్నంలో ఆడి ఆడి గీతలు పడిన పాత ప్రింట్లు వచ్చేవి. అందులోనూ దేవుడి సినిమాలే ఎక్కువ. అందుకే ఒకే సినిమాని ఏడాదికోసారి చూడాల్సొచ్చేది. ఇప్పుడు మళ్ళీ మళ్ళీ చూడటం మన ఇష్టం. అప్పుడు ఇంకో సినిమా లేకనే చూసేవాళ్ళు, చూసి చూసి ఆ సినిమా సొంతం అయిపోయేది. దీనికి శివరాత్రి తోడు. జాగారం కోసం టౌన్లలో థియేటర్ల వాళ్ళు సెకండ్ షో అయ్యాక కూడా తెల్లవారేదాకా ఆటలు వేసేవాళ్ళు. దేవుడి కోసం మేలుకోవాలి, మేలుకోవాలంటే సినిమా కావాలి. శివరాత్రికి శివుడి సినిమా కంటే ఏం వేస్తారు? తరవాత టీవీ, డెక్కు బాడుగకు తెచ్చి గూడెం మధ్యలో పెట్టి చూసే కాలం వచ్చింది, ఆ తరవాత ఇంట్లో టీవీ, ఇప్పుడు ఫోను. సామాను మారినా శివరాత్రికి కన్నప్ప మారలేదు.

మేం ముందు 1976 నాటి 'భక్త కన్నప్ప' ఫోన్‌లో పెట్టినాం. బాపు గారు తీసింది, కృష్ణంరాజు గారు, వాణిశ్రీ గారు. మా తరానికి కన్నప్ప అంటే అదే. అవ్వ కాసేపు చూసి "ఇది గాదు" అనింది. "ఇది రంగులది. నేను చూసింది నల్లది తెల్లది. పూజారి నగలు దాచి వీడి మీద వేస్తాడే, అది."

అప్పుడు దొరికింది అసలు సినిమా. 1954 నాటి 'శ్రీకాళహస్తీశ్వర మహాత్మ్యం'. ఇందులో హీరో ఎవరో తెలుసా? కన్నడ రాజ్‌కుమార్ గారు. ఆయన చేసిన ఒకే ఒక్క తెలుగు సినిమా ఇది. అదే ఏడాది కన్నడంలో 'బేడర కణ్ణప్ప' అని వచ్చింది. రాజ్‌కుమార్ గారికి హీరోగా మొదటి సినిమా అది, డైరెక్టర్ హెచ్.ఎల్.ఎన్. సింహ గారు. గుబ్బి వీరణ్ణ గారి నాటక కంపెనీ వాళ్ళు స్టేజీ మీద ఆడిన కథనే ఏవీఎం వాళ్ళతో కలిసి సినిమా చేసినారు. ఆ కథే తెలుగులోకీ వచ్చింది. అంటే మా అవ్వ ఇసకలో కూర్చుని ఏడ్చిన తిన్నడు కన్నడ నాటకాల నుంచి మద్రాసు స్టూడియో మీదుగా సూళ్ళూరుపేట తిరునాళ్ళకు వచ్చినాడు. మూడు రాష్ట్రాల మనిషి. తడ వాళ్ళకి ఇది వింత కాదులెండి. మనకి ఆరంబాకం వచ్చిందంటే తమిళనాడే.

ఆ కథలో కాళహస్తి గుడి పెద్ద పూజారి కైలాసనాథశాస్త్రి. గుడి నగలు పోతాయి. నింద తిన్నడి మీద పడుతుంది. అడవోడు, చదువు లేనోడు, గుడి చుట్టూ తిరుగుతా ఉన్నాడు, ఇంకెవరు తీసుంటారు? కట్టి కొడతారు. నింద వేసింది ఆ పూజారే.

ఫోన్‌లో ఆ సీన్ వచ్చేటప్పటికి అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. కాసేపటికి "దొంగతనం జేసిందెవురు, దెబ్బలు తినిందెవురు" అనింది. ఇంకాసేపటికి "మీ తాతనీ అట్టానే గదా కొట్టింది" అనింది.

తాత సంగతి మాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు అప్పటిదాకా. ఒక ఊళ్ళో ఒక రైతు తోటలో కావలి ఉండేవాడు తాత. మోటారు పోయింది. కావలి ఉన్నోడే తీసుంటాడన్నారు. రెండు రోజులు తీసుకుపోయి ఉంచినారు. తరవాత ఆ మోటారు ఇంకెక్కడో దొరికింది. తాతకి ఎవరూ తప్పయిందని చెప్పలేదు. మళ్ళీ అదే తోటకి కావలికి పిలిచినారు. తాత పోయినాడు, పోక ఏం చేస్తాడు.

ఇక్కడి నుంచి మేం లైబ్రరీలో పడ్డాం. మాకు వచ్చిన ప్రశ్న ఒకటే. అసలు పాత కథలో ఈ దొంగతనం నింద ఉందా?

కన్నప్ప కథ చాలా పాతది. తమిళ శైవ కవులు సంబందర్, అప్పర్ 7వ శతాబ్దంలోనే ఆయన్ని తలుచుకున్నారు. మొత్తం కథను విడమరిచి చెప్పింది 12వ శతాబ్దంలో సేక్కిళార్, పెరియ పురాణంలో. చోళ రాజు దగ్గర మంత్రిగా ఉన్నాయన. అందులో మన పిల్లోడి పేరు తిన్నన్. పొత్తప్పి నాట్లో ఉడుప్పూరు అనే వేటగాళ్ళ ఊరు, అక్కడి నాయకుడు నాగన్ కొడుకు. పొత్తపి ఎక్కడో కాదు, రాజంపేట వైపు. తరవాత మన తెలుగులో 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఉడుమూరి కన్నప్ప అని చెప్పినాడు. 16వ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నడి కథ రాసినాడు. కృష్ణదేవరాయల కాలం కవి, మన కాళహస్తి వాడేనని చెబుతారు.

సేక్కిళార్ చెప్పిన కథ ఇట్టా ఉంటుంది. తిన్నన్ అడవిపందిని తరుముకుంటా ఇద్దరు తోడుగాళ్ళతో కాళహస్తి కొండ దగ్గరికి వస్తాడు. పైన దేవుడున్నాడంటే ఎక్కి చూస్తాడు. ఒంటరిగా ఉన్న దేవుడిని చూసి ప్రాణం ఆగదు. ఆకలేస్తుందే, ఎవరు పెడతారు అనుకుంటాడు. పంది మాంసం కాల్చి, ముక్క ముక్కా నోట్లో వేసుకుని రుచి చూసి, బాగున్నవే ఏరి ఆకు దొన్నెలో పెడతాడు. చేతిలో విల్లు, ఇంకో చేతిలో దొన్నె. నీళ్ళు పట్టడానికి చెయ్యి ఖాళీ లేక నోట్లో పడతాడు, పూలు తలలో చెక్కుకుంటాడు. వంట చేసే చేతులకి తెలుసు, ఇందులో ఎక్కడా మైల లేదు. మన ఇళ్ళల్లో అమ్మ కూర రుచి చూడకుండా మనకి వడ్డించిందా ఎప్పుడైనా?

పొద్దున పూజారి వచ్చి మాంసం చూసి బాధపడి, కడిగి, మళ్ళీ పూజ చేసుకుని పోతాడు. మళ్ళీ తిన్నన్ వస్తాడు. ఇట్టా రోజులు గడుస్తాయి. పూజారి చాటుగా నిలబడి చూస్తుంటే లింగం కంటి నుంచి నెత్తురు. తిన్నన్ ఆకు పసర్లు పోస్తాడు, ఆగదు. తన కన్ను తీసి పెడతాడు. రెండో కన్నూ కారితే, చూపు పోయాక చోటు తెలియాలని కాలు అక్కడ ఆనించి రెండోది తీయబోతాడు. దేవుడు చెయ్యి పట్టుకుని ఆపుతాడు.

దీంట్లో దొంగతనం లేదు. నగలు లేవు. పూజారి దుర్మార్గుడు కూడా కాదు, తన పద్ధతి తనది, అంతే. తిన్నడిని కట్టేసి కొట్టినవాళ్ళు లేరు. ఆ నింద, ఆ దెబ్బలు నాటకాల వాళ్ళు, సినిమా వాళ్ళు కలిపినవి.

దేనికి కలిపినారు? హీరోకి కష్టం కావాలి, విలన్ కావాలి, మూడు గంటలు నడవాలి. అది నిజమే. కానీ అడవి మనిషి కష్టం అనగానే వాళ్ళకి దొంగతనం నిందే ఎందుకు తట్టింది అనేది మా ప్రశ్న. ఆ కాలం చూడండి. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో ఉత్తరాదిన మొదలైంది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. పుట్టుకతోనే దొంగలు అని కులాలకు కులాలనే రాసేసినారు. మా రూములో ఎరుకల తమ్ముడి ముత్తాతలు ఆ లెక్కలో ఉన్నవాళ్ళే. స్టువర్టుపురం, కావలి దగ్గర కప్పరాళ్ళతిప్ప ఇవన్నీ ఆ చట్టం కింద పెట్టిన సెటిల్మెంట్లు. పొద్దున, రాత్రి హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. నెల్లూరు వైపు యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ఈ చట్టం పోవాలని పోరాడినవాళ్ళలో ముందున్నారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. విముక్త దినం అని ఇప్పుడు మనం జరుపుకునేది ఆ రోజే.

సినిమా వచ్చింది 1954లో. చట్టం పోయిన రెండేళ్ళకి.

సినిమా వాళ్ళు ఈ చట్టాన్ని మనసులో పెట్టుకుని తీసినారని మేం అనం. అట్టా అనడానికి మా దగ్గర ఆధారం ఏమీ లేదు. కానీ డేరాలో నేల మీద కూర్చున్నవాళ్ళు ఎవరు? ఆ హాజరు పట్టీలు చూసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. గుడి నగలు పోతే అందరి కళ్ళూ అడవోడి మీదకి తిరగడం వాళ్ళకి కథ కాదు. ఆ పెద్ద తెర మీద, అంతమంది ముందర, దొంగ వాడు కాదు, నింద వేసినోడే దొంగ అని తేలిపోతుంది. అప్పటికి ఏ పేపర్లోనూ, ఏ కోర్టులోనూ మనవాళ్ళకి అట్టా తేలినట్టు అవ్వ ఎరగదు. ఏటా తిరునాళ్ళకి వచ్చి ఆ ఒక్క మాట మళ్ళీ వినిపోయేది. అవ్వ మళ్ళీ మళ్ళీ చూసింది భక్తి కోసం అని మేం అనుకుంటా ఉన్నాం ఇన్నాళ్ళూ.

ఇంకో సంగతి. పెరియ పురాణంలో తిన్నన్ మొదటి రాత్రి ఏం చేస్తాడంటే, చీకట్లో దేవుడికి ఏమన్నా అవుతుందేమో అని విల్లు పట్టుకుని తెల్లవార్లూ కావలి నిలబడతాడు. కావలి! మన యానాదులు తరతరాలుగా చేసిన పని అది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో కూడా యానాదులను ఊరి కావలికి పెట్టుకునేవాళ్ళని రాసుంది. పొలం కావలి, తోట కావలి, ఇప్పుడు రొయ్యల గుంటల కావలి. రాత్రంతా వాళ్ళ సొత్తు కాసేది మనం, పొద్దున ఏదన్నా పోతే ముందు చూసేది మన వైపు. తాత కథ వినే ముందు ఈ కావలి ముక్క చదివుంటే పట్టించుకునే వాళ్ళం కాదు.

సరే, సినిమాల దగ్గరికి వస్తాం. వరసగా చూస్తే మాకు ఇంకోటి కూడా కనపడింది. 1954 సినిమాలో తిన్నడు, అతని భార్య నీల పై లోకం వాళ్ళు, అక్కడి నుంచి పంపేస్తే బోయల ఇంట పుడతారు. 1976 సినిమాలో తిన్నడు పోయిన జన్మలో అర్జునుడు. 1958 'చెంచులక్ష్మి' చూడండి. నాగేశ్వరరావు గారు, అంజలీదేవి గారు. అంతకు ముందు 1943లో కమలా కొట్నిస్ గారితో ఇదే కథ ఒకసారి తీసినారు. అహోబిలం నరసింహస్వామిని చెంచులు తమ అల్లుడిగా చూసుకుంటారు, మా ఇంటి పిల్లని చేసుకున్నాడు అంటారు. వాళ్ళకి అది ఎంత దర్జా! సినిమాలో ఆ పిల్ల లక్ష్మీదేవే, చెంచుల ఇంట వచ్చి పుట్టిందంతే. అంటే అడవి పిల్లని దేవుడు చేసుకోవాలన్నా, అడవి పిల్లోడు దేవుడి మనసు గెలవాలన్నా వాళ్ళు నిజంగా అడవి వాళ్ళు కాకూడదు. వెనక ఒక పెద్ద జన్మ ఉండాలి. ఈ పాత జన్మల కథలు గుళ్ళలో కూడా చెబుతారు, అన్నీ సినిమా వాళ్ళే పుట్టించినారు అనలేం. కానీ సినిమా వాటిని గట్టిగా పట్టుకునింది.

అర్జునుడి ముక్క మీద మా ఎరుకల తమ్ముడు ఒక మాట అన్నాడు, రాయకుండా ఉండలేం. భారతంలో శివుడు ఎరుకల వేషంలో వస్తే, పంది నాదంటే నాదని అర్జునుడు కొట్లాటకి దిగినాడు గదా. అడవిలో పంది ఎవరిది అని ఎరుకలోడితో పోట్లాడినందుకే మళ్ళీ ఎరుకలోడిగా పుట్టించినాడంట శివుడు, ఆ బాధ తెలవాలని! రూమంతా నవ్వినాం.

ఆ తమ్ముడికి నవ్వు రాని సినిమాలు కూడా ఉన్నాయి. 1991లో చిరంజీవి గారితో 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' వచ్చింది, యండమూరి వీరేంద్రనాథ్ గారు డైరెక్టర్. 2023లో రవితేజ గారితో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ఆ ఊరిని, ఆ కులాన్ని నేరానికి రాజధాని అన్నట్టు టీజర్ ఉందని హైకోర్టు దాకా పోయినారు. అవ్వ చూసిన నల్ల తెల్ల సినిమాలో అడవోడు దొంగ కాడు. డెబ్బై ఏళ్ళ తరవాత రంగుల్లో మళ్ళీ దొంగ. ఆ సినిమాలు కూడా మనవాళ్ళు చూసినారు, విజిల్ వేసినారు. మేమూ వేసినాం. హీరోకి వేసినాం. బయటికి వచ్చినాక తమ్ముడు బస్సులో మాట్లాడలేదు.

మొన్న మా హాస్టల్ లాంటి ఒక హాస్టల్‌లో ఫోన్ పోయింది. మొదట ఎవరి ట్రంకు పెట్టెలు తెరిపించినారో మీకు వేరే చెప్పాల్సిన పని లేదు. అది పరుపు కింద దొరికింది, ఎవరిదో వాళ్ళ పరుపు కిందే.

అల్లూరి సంగతి కూడా ఒక మాట. సుగాలి తమ్ముడి నాయనకి నచ్చిన సినిమా గదా, వదిలేస్తే బాగుండదు. 1922లో చింతపల్లి స్టేషన్ మీద దాడితో మొదలై 1924 దాకా నడిచిన పోరాటం అది. సినిమా గొప్పగా ఉంటుంది, కాదనం. కానీ ఆ పోరాటంలో ఉన్న గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎంపీగా గెలిచినాడని మాకు ఇంటర్ అయిపోయేదాకా తెలవదు. మన్యంలో విల్లు పట్టి, జైలుకు పోయి, తరవాత పార్లమెంటులో కూర్చున్న మనిషి. కథకి ఇంకేం కావాలి? ఆయన పేరు పెట్టుకున్న హీరో సినిమా ఒక్కటి మాకు కనపడలేదు. 2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చినప్పుడు కొమరం భీం తెర మీద హీరోల్లో ఒకడు అయినాడు, సంతోషం. చివర్లో ఏం కావాలని రాముడు అడిగితే, నాకూ నా వాళ్ళకీ చదువు కావాలి అంటాడు భీం. జల్ జంగల్ జమీన్ అని రాసిచ్చేది రాముడు. చరిత్రలో ఆ మాట భీందే గదా. 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది ఆ మాటకే. మా ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీ మొహం చూసినవాళ్ళం మేం. చదువు కావాలి అనే మాట మాకు చేదు కాదు. మన మాటని ఇంకొకరి చేత రాయించి మనకే బహుమతిగా ఇవ్వడం మాత్రం చేదుగానే ఉండింది.

మళ్ళీ కన్నప్ప. 2025 జూన్ 27న మంచు విష్ణు గారి 'కన్నప్ప' వచ్చింది. మోహన్ బాబు గారిది కాళహస్తి పక్క ఊరే, కాబట్టి మన వైపు జనం మన సినిమా అన్నట్టే పోయినారు. ప్రభాస్, మోహన్‌లాల్, అక్షయ్ కుమార్ అందరూ ఉన్నారు. అవ్వని కూడా తీసుకుపోయినాం. వాయులింగం కోసం గూడేల మధ్య యుద్ధాలు, పెద్ద పెద్ద కొండలు, నీళ్ళు. షూటింగ్ చాలా భాగం న్యూజిలాండ్‌లో చేసినారు. అది మేం అవ్వకి చెప్పలేదు. అవ్వే తెర చూస్తా "ఈ కొండలు మనవి గాదే. మన కొండల్లో ఇంత పచ్చి యాడుంది, ఇట్టాంటి చెట్లు యాడున్నాయి" అనింది. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ తిని బాగుందనింది. సినిమా గురించి అడిగితే "పిల్లోడు బాగా చేసినాడు" అని ఊరుకునింది. ఏడవలేదు. కన్ను సీన్‌లో పక్కన ఆవిడ ఏడుస్తుంటే ఆమె వైపు చూస్తా కూర్చునింది.

ఆ రాత్రి ఇంటికొచ్చినాక ఫోన్ ఇమ్మని పాత సినిమా మళ్ళీ పెట్టమనింది. చార్జింగ్ తక్కువుంది, మొత్తం రాదు అవ్వా అన్నాం. మొత్తం వద్దు, కొట్టేది అయిపోయి, వీడు కాదు దొంగ అని తెలిసేది ఉందే, అక్కడ పెట్టు చాలు అనింది. వెనక్కి ముందుకి జరిపి జరిపి పెట్టినాం. మూడుసార్లు చూసింది. మూడోసారికి ఫోన్ ఆగిపోయింది.

మీ ఇళ్ళల్లో అవ్వలు, జేజెమ్మలు, తాతలు ఏ సినిమా ఎన్నిసార్లు చూసినా మళ్ళీ చూస్తారో అడగండి. సినిమా పేరు కాదు, ఏ సీన్ దగ్గర ఏడుస్తారు, ఏ సీన్ దగ్గర లేచి నీళ్ళు తాగడానికి పోతారు, అది అడగండి. ఎందుకో కూడా అడగండి, తొందర పెట్టకుండా. రాసి ఇక్కడే పెట్టండి. ఊరి పేర్లు, మనుషుల పేర్లు రాయొద్దు. సుగాలి తమ్ముడు వాళ్ళ నాయన్ని అడగడానికి ఈ ఆదివారం ఊరికి పోతున్నాడు, తరవాతి పోస్టు వాడిది.